మా పిల్ల దరఖాస్తు

మా నాన్నగారు పోయిన యేడు, అనగా 2011లో, వారి పాత పంచాంగములను సర్దుచుండగా నొకదాని నడుమ మడతపెట్టిన కాగితము దొరికినది. విప్పి చూచితిని. నేను గురజాలలో ఇంటర్మీడియెటు ప్యాసైన 1999వ సంవత్సరమునాటి దరఖాస్తు అది. డిగ్రీ చదువునకు విద్యార్థివేతనము కోరుచు పంపవలసినది. మా లెక్చరరుగా రొకరు దానిని నా చేతికిచ్చి, "మీ నాన్నగారిచేత నింపించి తీసికొనిరామ్మా" యని చెప్పుట నాకు బాగుగ జ్ఞాపకమున్నది. నేను నాన్నగారికిచ్చితిని. పిమ్మట దాని మాట యెన్నడును వినలేదు. వారు పంపియుందురనియు, నాకే రాలేదనియు పండ్రెండేండ్లు అనుకొంటిని.

ఆ కాగితములో నా పేరు, మా యూరిపేరు, నా మార్కులు, అన్నియు నాన్నగారి గుండ్రని చేవ్రాతలో నింపియున్నవి. "కుటుంబ వార్షికాదాయము" అనుచోట మాత్రము అక్షర మొక్కటియు లేదు. సిరాచుక్క యొకటి పడి ఎండియున్నది. కలము అక్కడ చాలసేపు ఆగియుండవలెను.

నేను దానిని మరల మడిచి పెండ్లిచీరల పెట్టెలో అడుగున దాచితిని. ఎవ్వరికిని చెప్పలేదు. పోయిన తండ్రిని తప్పుపట్టుటకు మనసు రాలేదు. కాగితమును పొయ్యిలో వేయుటకును మనసు రాలేదు. పదుమూడేండ్ల తరువాత మా పెద్దపిల్లకొఱకు దానిని బయటికి తీయవలసివచ్చినది. ఆ కథనే సోదరీమణులకు చెప్పదలచితిని. కళాశాలలో చదువుచున్న కూతురో, చెల్లెలో, కోడలో గల యింటివారికి ఇందులో పనికివచ్చు సంగతులు కొన్ని దొరకవచ్చును.

మాది గురజాలకు మూడు క్రోసుల దూరమున నున్న పల్లె. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి మేము గుంటూరు జిల్లావారము కాము. నరసరావుపేట ముఖ్యపట్టణముగా నేర్పడిన పల్నాడు జిల్లావారము. జిల్లా పేరు మారినదిగాని ఎండ మారలేదు. మాకు దాపున నున్న రెంటచింతల యెండలు ప్రతి వేసవిలోను పత్రికల కెక్కుచునే యుండును. నాగార్జునసాగరపు కుడికాలువ నిండుగా పాఱిన యేడు మిరప, ప్రత్తి. పాఱని యేడు ఆకాశమువంక చూచుట. మావారు సొంత మెకరమున్నరయు, కౌలు నాలుగెకరములును సాగుచేయుదురు. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను పీల్చివేసిన సంగతి ఈ ప్రాంతపు స్త్రీలకు నేను చెప్పనక్కఱలేదు. ఆ యేటి అప్పు నేటికిని మా యింటిలో నొక మనిషివలె కూర్చుండియున్నది.

పిల్ల 2024లో ఇంటర్మీడియెటు పరీక్షయందు వేయింటికి 972 మార్కులు తెచ్చుకొన్నది. గణితము ప్రధానముగా బి.యస్సీ. చదువుదునని పట్టుబట్టి నరసరావుపేటలో నొక కళాశాలలో చేరినది. వసతిగృహములో భోజనము, బస, బస్సు, పుస్తకములు, అన్నియు కలిపి నెలకు మూడువేలకు తక్కువ కాకుండెను. మా యత్తగారు చెడ్డమనిషి కారు. ఖర్చు చూచి భయపడు మనిషి. "చదువునకు పోయు డబ్బు రేపు దాని పెండ్లిలో తగ్గునదే గదా. సత్తెనపల్లినుండి మంచి సంబంధము వచ్చినది. ఆలోచింపుము" అని నాతో రెండుమూడు మాఱులు చెప్పిరి. నేను ఆలోచించునదేమున్నది? నాకు పందొమ్మిదవయేట వచ్చిన సంబంధమును గూడ మంచి సంబంధమనియే చెప్పిరి. అది మంచిదే యైనది. అయినను ఆ పంచాంగములోని కాగితము నా పెట్టెయడుగుననే యున్నది.

మొదట సచివాలయమునకు పోయితిమి. మన రాష్ట్రములో కళాశాల రుసుమును ప్రభుత్వమే చెల్లించు పద్ధతి 2008లో మొదలైనది. ప్రభుత్వములతోబాటు దాని పేర్లును మారుచు వచ్చినవి. 2020లో విద్యాదీవెన యని పేరుపెట్టి, భోజన వసతులకై డిగ్రీ విద్యార్థికి ఏటికి 20,000 రూపాయలిచ్చు వసతిదీవెనను దానికి తోడు చేసిరి. 2021 నుండి కొంతకాలము రుసుము సొమ్మును తల్లుల ఖాతాలలోనే వేసిరి. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట నేరుగా కళాశాలలకే చెల్లింతుమనిరి. కుటుంబాదాయము రెండున్నర లక్షలకు మించరాదు. మాగాణి పదియెకరములకు, మెట్ట యిరువదియైదు ఎకరములకు లోబడి యుండవలెను. ఇంటిలో ప్రభుత్వోద్యోగి యుండరాదు. ఇవన్నియు మాకు సరిపోయినవి. చివర నొక నియమము మిగిలెను: నాలుగుచక్రముల బండి యుండరాదు. ట్రాక్టరునకు, ఆటోకు, టాక్సీకి మాత్రము మినహాయింపు.

"మీ పేర కారున్నది గదండీ" అని అక్కడి యబ్బాయి తెరవంక చూచి చెప్పెను.

మావారు తెల్లబోయిరి. సంగతి యేమనగా, మా మరిది హైదరాబాదులో పాతకారు కొనునప్పుడు ఏదో సౌకర్యమునకని అన్నగారి పేర వ్రాయించెను. అన్నగారు సంతకము చేసి మఱచిపోయిరి. ఆ కారులో నేనొక్క దినమైనను కూర్చుండలేదు. దాని రంగేమిటో కూడ నాకు తెలియదు. అది మాత్రము వచ్చి మా పిల్ల త్రోవకు అడ్డముగా నిలిచినది. ఇంటాయన పేర ఎవరైన నేదైన కొనుచున్నారన్న, మనము కాఫీ గ్లాసులిచ్చి లోపలికి పోరాదు. కూర్చుండి నాలుగు మాటలు అడుగవలెను. నేను ఆనాడు లోపలికి పోయినదానను గనుక చెప్పుచున్నాను.

ఇక మాకు మిగిలినది కేంద్రప్రభుత్వపు వేతనము. కళాశాలలోనే యొక ఉపాధ్యాయురాలు పిల్లకు చెప్పినది. 2008నుండి జరుగుచున్న యీ పథకమునకు ఇప్పుడు ప్రధానమంత్రి ఉచ్చతర శిక్షా ప్రోత్సాహన మను పేరు చేర్చిరి. దేశము మొత్తముమీద ఏటికి 82,000 మంది క్రొత్తవారికి ఇత్తురు. అందులో సగము ఆడపిల్లలకు. ఇంటర్మీడియెటులో తమ బోర్డు విద్యార్థులలో నూటికి ఎనుబదిమందిని మించిన మార్కులు వచ్చియుండవలెను. కుటుంబాదాయము నాలుగున్నర లక్షలు దాటరాదు. డిగ్రీ మూడేండ్లును ఏటికి 12,000 రూపాయలు, పై చదువునకు పోయిన 20,000. కారు మాట యెక్కడను లేదు! ఒక్క సంగతి మాత్రము గమనింపవలెను. ఇది తీసికొనువారు రాష్ట్రపు రుసుము చెల్లింపుగాని, మఱియొక వేతనముగాని తీసికొనరాదు. రెంటికిని అర్హతగల యింటివారు కూర్చుండి లెక్కవేసికొనవలెను. కళాశాల రుసుము హెచ్చుగా నున్నచో రాష్ట్రపుదే మేలు. రుసుము స్వల్పమైనచో కేంద్రపుదానిని ఆలోచింపవచ్చును. మాకు ఏఱుకొను భాగ్యము లేదు గనుక ఆ చిక్కును లేదు.

పండ్రెండువేలనగా నెలకు వేయి రూపాయలు. ఇంతేనా యని నవ్వువారు కలరు. పిల్ల భోజనపు ఖర్చులో మూడవవంతు తీరునని నేను సంతోషించితిని.

దీనికి ఆదాయ ధ్రువపత్రము కావలెను. సచివాలయములో అర్జీ పెట్టిన, విచారించి తాసిల్దారుగారిచ్చెదరు. ఇక్కడ మావారు మొరాయించిరి.

"నేను లేనివాడనని తాసిల్దారుచేత వ్రాయించుకొని, ముద్ర వేయించుకొని తేవలెనా? నా కూతురిని నేను చదివించుకొనలేనా?" అనిరి.

ప్రక్కయింటి పెద్దమనిషి యొకరు వచ్చి, "దానికేమున్నదిరా! అరువదివేలని వ్రాయించుము. ఎవరు చూడవచ్చిరి? తక్కువ వ్రాసినకొలది పని సులువగును" అని సలహా చెప్పిరి. ఆ మాటతో మావారికి కోపము రెట్టింపైనది. అబద్ధమాడుటయు ఇష్టము లేదు; నిజము చెప్పుటయు ఇష్టము లేదు. మూడు దినములు గడచినవి. పిల్ల రాత్రులందు ఫోనుచేసి, "నాన్న యేమనిరి?" అని యడుగుచుండెను. నేను "చేయుదురులే" యనుచుంటిని.

నాల్గవనాటి రాత్రి, అత్తగారు నిద్రించిన పిమ్మట, పాలలెక్క వ్రాయు పుస్తకమును తెచ్చి మావారి ముందు కూర్చుంటిని. "మీరు తాసిల్దారుకు చెప్పవలదు. నాకు చెప్పుడు. నేను వ్రాయుదును" అంటిని. మొదట కసరిరి. పిమ్మట ఒక్కొక్కటిగా చెప్పనారంభించిరి. నాలుగెకరముల కౌలు. దుక్కి. నారు. ఎరువులు. పురుగుమందులు — ఇక్కడ వారి గొంతు తగ్గినది. కలుపు కూలి. కోత కూలి. కల్లములో ఆరబోత, కాపలా. గుంటూరు యార్డుకు బాడుగ. పెట్టుబడికి తెచ్చిన అప్పుమీద వడ్డీ. ఎదుటివైపున కాయలు అమ్మగా వచ్చినది, ప్రత్తి, పాలు. కూడి తీసివేసి చూడగా ఆ యేటికి మిగిలినది లక్షా నలువదివేలు. నేను దానిని మూడువందల అరువదియైదుచేత భాగించితిని. చేయకుండ నుండవలసినదేమో! ఇద్దఱమును తెల్లవారు జామున లేచి ప్రొద్దుగ్రుంకువఱకు చేసిన చాకిరికి, ఇద్దఱికిని కలిపి, దినమునకు నాలుగువందలు లేదు. మా తోటలో కాయలు కోసిన మనిషి కొక్కొక్కరికి మేమిచ్చిన కూలియే ఇంచుమించుగా అంత యున్నది.

ఇరువదియేండ్లుగా సేద్యము చేయుచున్నాము. ఈ లెక్క నెన్నడును వేయలేదు. వేయుటకు భయపడి వేయలేదని ఆ రాత్రి నాకు తెలిసినది.

మావారు పుస్తకమువంక చూచుచు మాటాడక కూర్చుండిరి. అప్పుడు నేను లేచి పెట్టె తెఱచి నాన్నగారి కాగితము తెచ్చి యిచ్చితిని. వారు దానిని దీపము దగ్గఱగా పట్టుకొని మొదటినుండి చివరవఱకు చదివిరి.

"ఇన్నియు వ్రాసి, ఈ ఒక్క గడి యేల వదలిరి?" అని యడిగిరి.

"మీరేల వ్రాయననుచున్నారో అందుకే" అంటిని.

ఇంకొక మాట జరుగలేదు. వారు కాగితమును నేనెట్లు మడిచియుంటినో అట్లే మడిచి నా చేతికిచ్చి, బయటికి పోయి చాలసేపు గేదెల దగ్గఱ నిలుచుండిరి. మఱునాడు నేను చద్ది పెట్టకమునుపే తెల్లచొక్కా తొడుగుకొని సచివాలయమునకు పోయిరి. వ్రాయించినది లక్షా నలువదివేలు, అరువదివేలు కాదు.

ఈ సిగ్గును గుఱించి నాకు తోచిన రెండు మాటలు. వేతనము కోరుట చేయి చాచుటయని మన పెద్దలలో నొక భావము కలదు. డాక్టరు అంబేద్కరు 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయినది బరోడా సంస్థానాధిపతి యిచ్చిన వేతనముతోనే; నెలకు పదునొకండున్నర పౌనులు, మూడేండ్లు. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోవునప్పుడు మామగారి సాయమునకు తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరుగారి ధర్మనిధి యాదుకొన్నది. జంషెడ్జీ టాటాగారు 1892లో విదేశవిద్యకై నిధి నెలకొల్పినప్పుడు మొదట సాయము పొందిన యిద్దఱును స్త్రీలే, ఫ్రేనీ కామా, కృష్ణాబాయి కేళావ్‌కర్ అను వైద్యురాండ్రు. దళిత విద్యార్థులకు కళాశాల చదువుకై కేంద్రప్రభుత్వము వేతనము లారంభించినది 1944లో. అంబేద్కరుగారు ఆనాడు వైస్రాయి కార్యనిర్వాహకసభలో సభ్యులు. తాను పొందిన వేతనమును మఱచిన మనిషి కాదన్నమాట.

పండుగకు వచ్చిన పిల్ల ఈ పేర్లన్నియు నాయనమ్మకు వల్లించినది. ఆమె వక్క కొఱుకుచు సావధానముగా విని, "సరేనే, వారందఱును ఆ డబ్బు తిరిగి యిచ్చిరా?" అని యడిగినది. మేము నవ్వితిమిగాని, ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. టాటావారిది ఋణరూపమైన వేతనమే; తిరిగి యిచ్చునదే. అంబేద్కరుగారు బరోడాలో పదేండ్లు ఉద్యోగము చేయుదునని ఒడంబడికపై సంతకము చేసిపోయిరి. సుబ్బారావుగారి మాట వచ్చినప్పుడు పిల్ల, "నాయనమ్మా, బోదకాలు రాకుండ ఊళ్లలో మ్రింగించు మాత్ర యున్నదే, అది ఆయన నడిపిన పరిశోధనాలయములో 1947 ప్రాంతమున పుట్టినది" అనెను. మా యత్తగారి చెల్లెలికి బోదకాలు. ఆమె వక్క కొఱుకుట మాని, "అట్లయిన ఇచ్చినట్లే" ననెను. సత్తెనపల్లి సంబంధము మాట ఆ పండుగకు రాలేదు.

ఇక దరఖాస్తు. కాగితము లేదు, సిరా లేదు; అంతయు ఫోనులోనే. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టలు అను దానిలో విద్యార్థి మొదట ఒక్కసారి తన పేరు నమోదు చేసికొనవలెను. 2024 నుండి ముఖము చూపి నమోదు చేయు పద్ధతి వచ్చినది. వసతిగృహపు గదిలో వెలుతురు చాలక ఫోను పిల్ల ముఖమును గుర్తింపలేదట. మధ్యాహ్నపు టెండలో మేడపైకి పోయి, చెమట తుడుచుకొని, ఱెప్పలార్పి చూపినది. అప్పుడు ఒప్పుకొన్నది. మన పల్నాటి యెండవలన మేలు కలుగుట నేను వినిన మొదటిసారి యిదే.

పేరు దగ్గఱ మాత్రము నిజమైన చిక్కు వచ్చినది. మన తెలుగువారము ఇంటిపేరును ముందు పెట్టుకొందుము. పదవ తరగతి పత్రములో పిల్ల ఇంటిపేరు ముందు పూర్తిగా నున్నది. ఆధారులో అదే యింటిపేరు ఒక్క అక్షరమై తోకవలె చివర తగులుకొన్నది. బ్యాంకి పుస్తకములో ఇంటిపేరే లేదు. మనకు ముగ్గురును ఒక్క పిల్లయే. యంత్రమునకు ముగ్గురు వేఱువేఱు పిల్లలు. పదవ తరగతి పత్రమును ఆధారముగా చూపి మిగిలిన రెంటిని దానికి సరిపెట్టించితిమి. పిల్లయు నేనును పిడుగురాళ్ల మీదుగా రెండు ప్రయాణములు చేయవలసివచ్చినది. రెండవ ప్రయాణములో బస్సు చెడిపోయి తంగెడ రస్తాలో గంటసేపు నిలుచుంటిమి. నా పేరుకూడ తక్కువది కాదు. నా చదువు పత్రములలో పుట్టింటి యింటిపేరు, బియ్యపుకార్డులో మెట్టినింటిది. పెండ్లియైన స్త్రీకి ఊరు మారును, ఇల్లు మారును, సరే. ఏ పేరు నిలిచి యేది మారినదో మాత్రము ఎవ్వరును వ్రాసి యియ్యరు. మీ యింటనున్న పత్రములన్నియు నొకనాడు నేలమీద పఱచి, పేర్లను అక్షరమక్షరమును సరిచూచుకొనుడు. గడువు దగ్గఱపడినప్పుడు కాదు, ముందుగానే.

బ్యాంకి సంగతి యొకటి కలదు. వేతనము మనము వ్రాసిన ఖాతాకే వచ్చునని యనుకొంటిమి. అట్లుకాదు. ఆధారునకు కట్టకడపట ఏ ఖాతాను జతచేసితిమో దానిలో పడును. మా పిల్లకు చిన్ననాడు తెఱచి మఱచిపోయిన ఖాతా యొకటి యుండెను. ఆధారు దానినే పట్టుకొనియున్నది. బ్యాంకిలో అర్జీ యిచ్చి మార్పించితిమి. దరఖాస్తు పెట్టుటకు ప్రభుత్వము పైసయైన పుచ్చుకొనదు. రుసుము కట్టుడనియు, ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్య చెప్పుడనియు ఎవరైన పిలిచిన, వారు దొంగలని తలచి మాట ముగింపుడు. పిల్లకు అట్టి పిలుపు ఒకటి వచ్చినది గూడ.

దరఖాస్తును మొదట కళాశాలవారు, పిమ్మట పైవారు సరిచూచిరి. పిల్ల దినమున కొక్కసారి తెఱచి చూచుచుండెను. నేను చూడవద్దంటినిగాని, నేనును అడుగుచునేయుంటిని. 2025 మొదట మిరప ధర కూలినది. క్వింటాలునకు 11,781 రూపాయలని కేంద్రప్రభుత్వము ధర నిర్ణయింపవలసినంతగా కూలినది. మావారు బస్తాలను శీతలగిడ్డంగిలో పెట్టుదమా, అమ్ముదమా యని రాత్రులు నిద్రపోకుండిరి. ఆ దినములలో వసతిగృహమునకు రెండు నెలల బాకీ పడినది. పిల్ల ఇంటికి వచ్చెదననలేదు. "ఒక పూట భోజనము మానిన బాకీ తగ్గునా అమ్మా" అని మాత్రము అడిగినది. ఆ మాట మావారికి నేనిప్పటికిని చెప్పలేదు.

ఎండలు ముదిరినపిమ్మట నొక ఉదయము వేతనము పడినది. పండ్రెండువేలు, ఒక్కసారే. పిల్ల ఫోనుచేసి చదివి వినిపించినది. మావారు ఫోను పుచ్చుకొని, "మరల చదువుము" అనిరి. చదివినది. "సరే, బాకీ కట్టి రసీదు తీసికొనుము" అని ఫోను నా చేతికిచ్చి చేనికి పోయిరి. పోవునప్పుడు చెప్పులు మఱచిరి.

ఇంతటితో కథ ముగిసినదని మేమనుకొంటిమి. అదియే మా తప్పు. ఒకసారి వచ్చినది గనుక మూడేండ్లును దానంతట అదియే వచ్చునని తలచి నిశ్చింతగా నుంటిమి. రెండవ సంవత్సరములో దసరా సెలవులకు పిల్ల వచ్చినప్పుడు, తోడి విద్యార్థిని యొకతె ఫోనుచేసి, "నీవు పునరుద్ధరణకు పెట్టితివా?" అని యడిగినది. పిల్ల ముఖము పాలిపోయినది. ప్రతి సంవత్సరమును గడువులోపల మరల దరఖాస్తు పెట్టవలెనట! క్రితము సంవత్సరపు పరీక్షలో నూటికి ఏబది మార్కులైనను వచ్చియుండవలెను. హాజరు నూటికి డెబ్బదియైదు ఉండవలెను. మార్కులకు కొదువ లేదు. హాజరు చూచుకొనగా డెబ్బదియేడు. వర్షాకాలములో జ్వరము వచ్చినప్పుడు ఇంకొక వారము ఉండి పొమ్మని నేనే బలవంతపెట్టితిని. అది నా మాట వినక పోయినది. విన్నచో ఏమై యుండెడిదో!

సెలవులు కావున కళాశాల మూసియున్నది. పిల్ల మా వాకిటి వేపచెట్టు క్రింద కూర్చుండి ఫోనులోనే పెట్టినది. కళాశాల తెఱచిననాడే మార్కుల పత్రములతో పోయి, సరిచూచు ఉపాధ్యాయునికి ఇచ్చి వచ్చినది. గడువు ఇంక కొద్దిదినములే యుండెను. క్రొత్తగా కోరుట మొదటి సంవత్సరములోనే గాని పిమ్మట వీలులేదు; అందువలన ఒకసారి చేజారిన త్రాడు మరల దొరకదు. అర్హతలేక పోగొట్టుకొన్నవారి మాట వేఱు. మఱచి పోగొట్టుకొన్నవారు మా పిల్ల తరగతిలోనే ఇద్దఱున్నారు. వారిలో నొకతె అప్పుడే చదువు మానినది. మా కంటె ఆ యింటివారు తెలివితక్కువవారు కారు. వారికి ఫోను చేయు స్నేహితురాలు లేదు, అంతే.

ఆనాటినుండి మా వంటింటి గోడమీద, పాలలెక్క ప్రక్కన, నేనొక కాగితము అంటించితిని. పిల్ల పేరు ఏ పత్రములో ఎట్లున్నదో, ఏ ఖాతా ఆధారునకు జతపడినదో, ఆదాయ ధ్రువపత్రము ఎన్నటిదో, అన్నియు అందులో నున్నవి. జూను నెల వచ్చిననాటినుండి వారమున కొక్కసారి పోర్టలు తెఱచి చూడవలెనని ఎఱ్ఱసిరాతో వ్రాసితిని. నాన్నగారి కాగితమును గూడ అక్కడనే అంటింతమా యని మావారు అడిగిరి. నేను వలదంటిని. అది పెట్టెలోనే యుండవలెను.

మొన్న ఆ గోడకాగితము చూచి, అరువదివేలని వ్రాయించుమన్న పెద్దమనిషి కోడలు మా యింటికి వచ్చినది. ఆమె పెద్దకూతురు ఈ యేడు పాలిటెక్నికులో చేరినది. సాంకేతికవిద్య చదువు ఆడపిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలివారి ప్రగతి యను వేతనము కలదు; ఏటికి 50,000 రూపాయలు. డిప్లొమాకును ఇత్తురు, డిగ్రీకిని ఇత్తురు. ఇంటికి ఇద్దఱు ఆడపిల్లలవఱకు కోరవచ్చును. ఆదాయము ఎనిమిది లక్షలవఱకు ఉండవచ్చును. మొదటి సంవత్సరములో గాని, నేరుగా రెండవ సంవత్సరములో చేరినచో అప్పుడు గాని పెట్టవలెను. ఇవన్నియు ఆమెకు చెప్పితిని. ఆమె కొంగుచాటునుండి పిల్ల ఆధారుకార్డును తీసి నా చేతిలో పెట్టినది. చూచితిని. ఇంటిపేరు ఉన్నచోటనే యున్నదిగాని, పిల్ల పేరులో నొక అక్షరము తక్కువ.

సోమవారము తొలి బస్సుకు ఇద్దఱమును పోవుచున్నాము.